దొంగ ప్రతులపై ఒక పాత లేఖ

సాఫ్టువేరు చౌర్యమును గురించి జరుగు వాదోపవాదములకు మూలమని చెప్పదగినది 1976 ఫిబ్రవరి 3వ తేదీన బిల్ గేట్సు వ్రాసిన బహిరంగ లేఖ. అప్పటి కాయన వయస్సు ఇరువది సంవత్సరములు. ఆల్టెయిర్ అను చిన్న కంప్యూటరుకై ఆయనయు, పాల్ ఆలెన్, మాంటీ డేవిడాఫ్ అనువారును కలిసి 'బేసిక్' అను ప్రోగ్రామును తయారు చేసిరి. యంత్రము కొన్నవారిలో పదవ వంతు మందియైనను ఆ ప్రోగ్రామును కొనలేదనియు, పడిన శ్రమకు గంటకు రెండు డాలర్లు కూడ గిట్టలేదనియు, వాడిన కంప్యూటరు కాలమే 40,000 డాలర్లకు పైగా విలువ చేయుననియు లేఖలోని ఫిర్యాదు. యంత్రమునకు డబ్బిచ్చి, దానిని నడపు ప్రోగ్రామును మాత్రము ఊరక తీసికొనుట ఎక్కడి న్యాయమని ఆయన ప్రశ్న.

ప్రశ్న గట్టిదే. హైదరాబాదులో అమీర్‌పేట మైత్రీవనము, ఆదిత్యా ఎన్‌క్లేవు పరిసరములలో తిరిగినవారికి అది పాత ప్రశ్నగా తోచదు. 1990 తరువాత అక్కడ వెలసిన శిక్షణ సంస్థలలో వేలాది పల్లెటూరి యువకులు హాస్టలు గదులలో తల దాచుకొని ఒరాకిల్, డాట్‌నెట్ వంటివి నేర్చుకొనిరి. పాఠముల నోట్సు జిరాక్సు దుకాణములలో దొరకును. సాఫ్టువేరు స్నేహితుని వద్ద దొరకును.

ఈ రెండింటికిని శాస్త్రరీత్యా ఒక భేదమున్నది. జిరాక్సుకు జిరాక్సు, దానికి మరల జిరాక్సు తీసినచో అక్షరములు మాసిపోవును. కాగితమునకు, సిరాకు ప్రతిసారియు ఖర్చు తప్పదు. ప్రోగ్రాము అట్లు కాదు. అది సున్నలు, ఒకట్ల వరుస. వేయవ ప్రతి మొదటి ప్రతితో అక్షరాలా సమానము. తీయుటకగు ఖర్చు లేదనవచ్చును. 1975లో ఆల్టెయిర్ బేసిక్‌ను చిల్లులు పొడిచిన కాగితపు పట్టీపై నకలు తీసి కాలిఫోర్నియాలో పంచినపుడు, ఒకటి తీసికొన్నవారు రెండు చేసి తేవలెనని నియమము పెట్టుకొనిరట! సొంతదారుని వద్ద ఏదియు తరుగదు గనుక ఇది దొంగతనము కాదని చెప్పు వాదము ఇందుండియే పుట్టినది.

చట్టమునకు కూడ ఈ వస్తువు స్వభావము ఒక పట్టాన అందలేదు. 1957 నాటి కాపీరైటు చట్టమునకు 1984లో సవరణ చేసి ప్రోగ్రామును సాహిత్య రచనలలో చేర్చిరి. అమ్మకపు పన్ను విషయములో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వమునకును టాటా కన్సల్టెన్సీ సర్వీసెస్‌కును నడచిన వ్యాజ్యములో, సీడీలో నింపి అమ్మెడు సాఫ్టువేరు 'సరుకే' యని సుప్రీంకోర్టు 2004 నవంబరులో తీర్పు చెప్పినది. పన్ను అడిగినపుడు అది సరుకు కాదను వాదము, నకలు తీసినపుడు సరుకు దొంగిలించిరను వాదము - ఈ రెండును ఒకే పరిశ్రమనుండి వెలువడుట చిత్రమే.

శిక్షల విషయములో మాత్రము చట్టము లేఖ కంటె వివేకము చూపినది. దొంగ ప్రతియని తెలిసి వాడినవారికి 63బి సెక్షను ప్రకారము 7 దినములనుండి 3 సంవత్సరముల వరకు ఖైదు, 50,000 నుండి 2 లక్షల రూపాయల వరకు జరిమానా. కాని వ్యాపార లాభమునకై వాడలేదని తేలినచో న్యాయస్థానము ఖైదు మాని, 50,000 రూపాయలకు మించని జరిమానాతో విడువవచ్చును. ఫీజు పుచ్చుకొని ఒక్క ప్రతిని గదినిండ యంత్రములలో ఎక్కించు సంస్థయు, నేర్చుకొనుటకై తన యంత్రములో ఎక్కించుకొను విద్యార్థియు ఒక్కటి కారని దీని భావము. గేట్సు లేఖలో ఈ వివక్ష లేదు. అందులో చాలమంది దొంగలే.

అంతకంటె పెద్ద లోపము ధరను గూర్చిన మౌనము. బేసిక్‌ను విడిగా కొన్నచో 500 డాలర్లు. ఆల్టెయిర్ కంపెనీవారి మెమరీ బోర్డులతో కలిపి కొన్నచో ఎంతో తక్కువ. ఆ బోర్డులు సరిగా పనిచేయవని వేరొకరి బోర్డులు కొన్నవారికి ఈ ధర శిక్షవలె తోచినది. అదే 1976లో టామ్ పిట్‌మన్ తన 'టైనీ బేసిక్'ను 5 డాలర్లకు అమ్మెను. జనులు కొనిరి.

1998లో వాషింగ్టన్ విశ్వవిద్యాలయములో మాటలాడుచు గేట్సు, చైనావారు దొంగిలింపదలచినచో తమ సాఫ్టువేరునే దొంగిలించుట మేలనియు, అలవాటు పడిన పిదప డబ్బు రాబట్టు మార్గము చూచుకొందుమనియు భావము వచ్చునట్లు చెప్పెను. మైక్రోసాఫ్టు తన అభివృద్ధి కేంద్రమును హైదరాబాదులో ప్రారంభించినదియు ఆ సంవత్సరమే. అలవాటు పడినవారు అమీర్‌పేటలో కొల్లలు. అయినను, ఈ మాట పట్టుకొని విద్యార్థి తనకు అనుమతి దొరికినదనుకొనుట చెల్లదు. 2006 నుండి ఒరాకిల్ డేటాబేసు చిన్న రూపమును, 2014 నుండి విజువల్ స్టూడియో కమ్యూనిటీ రూపమును ఉచితముగ లభించుచున్నవి. లైనక్సు అంతకుముందునుండియే ఉన్నది. నేర్చుకొనుటకు దారి లేదను సాకు నేడు చాలవరకు నిలువదు.

ఇక లేఖలో చెప్పిన ఆ 40,000 డాలర్ల కంప్యూటరు కాలము మాట. బేసిక్‌ను మొదట వ్రాసినది హార్వర్డు విశ్వవిద్యాలయపు పీడీపీ-10 యంత్రముపైన. దానికి ధనమిచ్చినది అమెరికా రక్షణశాఖ. అమ్మకపు సరుకు తయారు చేయుటకు ఆ యంత్రమును వాడినందుకు విశ్వవిద్యాలయమువారు విచారించి, గేట్సును మందలించిరి. యంత్రము ఎట్లును నడచుచునే యుండెను గదా, ఎవరికేమి తరిగెనని ఆయన పక్షమున వాదింపవచ్చును. కాని దొంగ ప్రతి తీసినవాని వాదమును సరిగ్గా అదియే!

బంజారా హిల్స్ ఆఫీసులలో నేడు జరుగు వివాదము దీనికి చుట్టమే. ఉద్యోగి ఆఫీసు ఇంటర్నెట్‌లో రైలు టిక్కెట్టు కొనుట, ఇంటి కరెంటు బిల్లు కట్టుట నేరమా? కంపెనీకి అదనపు ఖర్చు లేదు. పోవునది పది నిమిషముల కాలము. హైదరాబాదులో రాత్రి యగునప్పటికి అమెరికాలో పగలు గనుక, ఆ కాలమును ఇంటివద్ద రాత్రి ఫోనులలో కంపెనీ తిరిగి పుచ్చుకొనుచునే యున్నది. ఆ ఉద్యోగియే అదే యంత్రముపై మరియొకరికి కూలికి ప్రోగ్రాము వ్రాసి యిచ్చినచో సంగతి వేరు. అది హార్వర్డు కథయే. 2000 నాటి ఐటీ చట్టము 43వ సెక్షను కంప్యూటరు అధిపతి అనుమతిపై ఆధారపడినది. ఏది వాడరాదో కంపెనీలు నియామక పత్రములలో వివరముగనే వ్రాయుచున్నవి. ఇంటికి వచ్చు రాత్రి ఫోనులకు ఎవరి అనుమతి కావలెనో ఆ పత్రములలో కనబడుట అరుదు.