చలి కరవైన తోట

ఓ పసిడిపండూ! జార్జియా ఎర్రమట్టి ఎత్తుకుని పెంచిన గారాలపట్టీ! మే నెల సగం దాటిందంటే ఈ దారుల పక్కన నీ బుట్టలు బారులు తీరాలి. నీ బుగ్గ మీది నూగు వేళ్ళకు తగలాలి, కొరికితే రసం మోచేతి దాకా కారాలి. 2023 వేసవిలో ఆ బల్లలన్నీ బోసిపోయాయి. వెన్న మెత్తబరచుకుని, దాల్చినచెక్క దంచుకుని నీ కోసం కాచుకున్న వంటిళ్ళు నువ్వు రాక దిక్కులు చూశాయి.

పీచ్‌ను వేసవి పండంటుంది లోకం. కాదమ్మా, నువ్వు చలికాలం కడుపు పంటవి. ఆకు రాల్చిన కొమ్మ ఒళ్ళెరగక నిద్రపోవాలి. 45 డిగ్రీల ఫారన్‌హీట్‌కు దిగువన, రకాన్ని బట్టి సాధారణంగా 500 నుంచి 1000 గంటల దాకా, మొగ్గ చలిని తాగాలి. ఆ దాహం తీరితేనే పూత నిండుగా విచ్చుకుంటుంది. ఆ ఏడు చలి చాలలేదు. వెచ్చవెచ్చగా వచ్చిన ఫిబ్రవరి వసంతం వేషం కట్టి, మొగ్గల్ని తట్టి లేపింది. నమ్మి నవ్విన గులాబీరంగు పూత మీద మార్చిలో మంచు విరుచుకుపడింది. రావలసిన నాడు రాని చలి, రాకూడని నాడు వచ్చి కాటేసింది. జార్జియా రాష్ట్రంలో పంట 90 శాతానికి పైగా పోయింది. 2017లో ఇలాగే తగిలిన దెబ్బ అప్పటికింకా పచ్చిగానే ఉంది.

ఎంత వైభవం నీది! 1870లలో ఇక్కడి మార్షల్‌విల్‌లో శామ్యూల్ రంఫ్ అనే పండ్లతోటల రైతు ఓ కొత్త రకాన్ని పెంచి, మురిపెంగా భార్య పేరు పెట్టుకున్నాడు, ఎల్బర్టా అని. కండ టెంకను అంటిపెట్టుకోదు, దూరప్రయాణానికి వాడిపోదు. ఐసు నింపిన పెట్టెల్లో రైలెక్కి న్యూయార్క్ వీధుల్లో ఊరేగావు. 1924లో ఏకంగా ఒక కౌంటీకే నీ పేరు పెట్టారు. మండుటెండలో నిన్ను కోసి, గంపలకెత్తిన నల్లజాతి కూలీల పేర్లు ఎవరు తలుచుకున్నారు? నీ తీపిలో వాళ్ళ చెమట ఉప్పు కూడా ఉంది.

ఆ తీపి కోసమే వంటిళ్ళు కాచుకునేది. ఓవెన్లు లేని వలసబళ్ళ కాలంలో ఇనుప కుండలో పళ్ళు పోసి, పైన పిండిముద్దలు పరిచి, నిప్పుల మీద మగ్గబెట్టిన వంట కాబ్లర్. ఆ వంటనే గుప్పిట్లో పట్టేంత చేసుకుంటే అదే పీచ్ కాబ్లర్ కుకీ. పండును మరిగే నీళ్ళలో అర నిమిషం ముంచి ఐసునీళ్ళలో వేస్తే, తోలు పట్టుచీర కుచ్చిళ్ళలా జారిపోతుంది. టెంక తీసిన చోట కండ కుంకుమ అద్దినట్టు ఎర్రగా ఉంటుంది. చిన్న ముక్కలు తరిగి, బ్రౌన్ షుగర్, నిమ్మరసం, చిటికెడు కార్న్‌ఫ్లోర్ వేసి చిక్కబడే దాకా ఉడికించాలి, లేకపోతే రసానికి పిండి నానిపోతుంది. వెన్న, పంచదార, గుడ్డు, మైదా కలిపిన ముద్ద మధ్య బొటనవేలితో గుంట చేసి, పండు నింపి, వెన్నా పిండీ నలిపిన పొడి పైన చల్లి, 350 డిగ్రీల ఫారన్‌హీట్ ఓవెన్‌లో పెట్టాలి. అంచు గోధుమరంగుకు తిరిగి, నడుమ ఇంకా మెత్తగా ఉండగానే తీసేయాలి. ఆ వేళ ఇల్లంతా పరిమళించేది నువ్వే!

ఆ ఏడు డబ్బా పండుతోనే చేశాం. పాకం వడకట్టి, ముక్కలు తుడిచి, నిమ్మరసం కాస్త ఎక్కువే పిండాం. తీపి ఉంది, మెత్తదనం ఉంది. తీపి అడుగున దాగి నాలుకను గిల్లే ఆ పులుపేదీ? టెంక దగ్గరి ఆ ఎర్రదనమేదీ? జార్జియాలోని ఆల్ఫారెట్టా, కమ్మింగ్ ఊళ్ళ తెలుగు ఇళ్ళలో ఏటా మేం బంగినపల్లిని తలుచుకుని బెంగపడతాం. ఇక్కడ పుట్టిన మా పిల్లల బెంగ పీచ్ పండు మీదని ఆ వేసవిలోనే తెలిసింది. నూజివీడు మామిడికైనా పూతకు ముందు చల్లని రాత్రులు కావాలి కదా! పీచ్ చెట్టూ మామిడి చెట్టూ, ఆ తల్లులిద్దరిదీ ఒకటే గోడు.

జార్జియాలోనే బైరన్‌లోని వ్యవసాయ పరిశోధన కేంద్రంలో శాస్త్రవేత్తలు పీచ్ రకాల మీద ఏళ్ళుగా పనిచేస్తున్నారు. తక్కువ చలితో పూసే కొమ్మలు ఇప్పటికే ఉన్నాయి, ఇంకా వస్తాయి. వాళ్ళ చేతులు చల్లగా ఉండాలి. కానీ నా మనసు మాత్రం పాత చలినే అడుగుతోంది. రా, చలీ! డిసెంబరులో పెందలాడే రా. జనవరంతా తోటలోనే తిష్ఠ వేయి, ప్రతి మొగ్గకూ కడుపు నిండా నిద్ర పట్టించు. ఫిబ్రవరిలో ఎవరెంత తొందరపెట్టినా లేవకు. మార్చి వచ్చాక మాత్రం, నీకు పుణ్యముంటుంది, పూత వైపు చూడకుండా వెళ్ళిపో.