కారు చెప్పే ఎండ

మొన్న మే నెలలో ఒక విద్యార్థి తన సెల్‌ఫోనులోని ఛాయాచిత్రం ఒకటి తెచ్చి చూపించాడు. కారులో స్టీరింగు వెనుకనున్న పలకపై 49 డిగ్రీలని కనబడుతున్నది. "వాతావరణ శాఖవారు నిన్న 43 అనే చెప్పారు. దాస్తున్నారా మాస్టారూ?" అని అడిగాడు. ప్రశ్న మంచిదే కాని, ఎవరిని శంకించాలో అతడు ముందే నిర్ణయించుకొన్నాడు. ఏటా వేసవిలో ఇటువంటి చిత్రాలు చేతులు మారుతూనే ఉంటాయి. మైదాన ప్రాంతాలలో 45 డిగ్రీలు దాటితే వడగాడ్పుగా పరిగణిస్తారు గనుక, ఆరు డిగ్రీల తేడా చిన్న విషయం కాదు. ఆ అంకె ఎంతవరకు నమ్మదగినదో విచారించవలసి ఉన్నది.

ముందుగా పరికరానికి న్యాయం చేద్దాం. సాధారణంగా కారు ముందుభాగాన, బంపరుకో జాలీకో వెనుక, థర్మిస్టరు అనే చిన్న పూస ఉంటుంది. ఇది లోహపు ఆక్సైడులతో చేసిన అర్ధవాహకం. రాగితీగ వేడెక్కితే దాని నిరోధం పెరుగుతుంది. దీని నిరోధం తగ్గుతుంది. 25 డిగ్రీల వద్ద 10,000 ఓములుండే ఒక రకం పూస 45 డిగ్రీల వద్ద సుమారు 4,350 ఓములకు దిగిపోతుంది. అనగా డిగ్రీకి దాదాపు నాలుగు శాతం మార్పు. కావున నిరోధాన్ని కొలవడంలో నూటికి ఒక వంతు పొరపాటు జరిగినా, ఉష్ణోగ్రతలో వచ్చే తేడా పావు డిగ్రీయే. పూసను తప్పుపట్టడానికి వీలులేదు.

దానిని కూర్చోబెట్టిన చోటునే తప్పుపట్టాలి. ఏ ఉష్ణమాపకమైనా తనను చుట్టుకొన్న దాని వేడినే చెబుతుంది. కారు పరుగెత్తుతున్నంతసేపు ఎదురుగాలి పూసను ఒరుసుకొంటూ పోతుంది. అప్పుడది చెప్పేది గాలి ఉష్ణోగ్రతకు దగ్గరగానే ఉంటుంది. కారు ఆగిందా, వెనుకనున్న రేడియేటరు వేడి, కింద కాగుతున్న తారురోడ్డు వికిరణం, ఎండకు మాడిన బంపరు వేడి అన్నీ దానిమీదనే పడతాయి. ఆ ఛాయాచిత్రాన్ని మళ్ళీ చూశాం. వేగం చూపే ముల్లు సున్నా మీద ఉన్నది.

సందేహం తీరేటందుకు మా కళాశాల ఆవరణలోనే పరీక్షించాం. ఊరిలో తిరిగివచ్చిన కారును గంటసేపు ఎండలో నిలిపి మళ్ళీ నడిపించాం. పలక 48 చూపింది. వేపచెట్టు నీడలో వేలాడగట్టిన పాదరస ఉష్ణమాపకంలో 42 న్నర. నాలుగైదు కిలోమీటర్లు వేగంగా పోయిన తరువాత పలక 43కు దిగింది.

వాతావరణ కేంద్రాలలో కనబడే తెల్లని చెక్కపెట్టె ఈ చిక్కు తప్పించడానికి పుట్టినదే. పందొమ్మిదవ శతాబ్దంలో దాని రూపం దిద్దిన థామస్ స్టీవెన్సన్ దీపస్తంభాలు కట్టించిన ఇంజనీరు; కథకుడు రాబర్ట్ లూయీ స్టీవెన్సన్‌కు తండ్రి. గాలి ఆడేటట్లు, ఎండ సోకకుండునట్లు పలకలు వాల్చి, నేలకు నాలుగడుగుల పైచిలుకు ఎత్తున పెట్టెను నిలుపుతారు. ఇన్ని జాగ్రత్తలు తీసుకొనే శాఖకే పొరపాటు తప్పలేదు. 2024 మే 29న ఢిల్లీలోని ముంగేశ్‌పూర్ స్వయంచాలిత కేంద్రం 52.9 డిగ్రీలు చూపగా దేశమంతా ఉలిక్కిపడింది. ప్రామాణిక పరికరంతో పోల్చి చూస్తే అది మూడు డిగ్రీలు ఎక్కువ చూపుతున్నదని తేలింది. శాఖవారే ఆ మాట ప్రకటించారు. కారులోని పూసను అట్లా పోల్చి చూసే నాథుడెవరు?

తయారీదారులకు ఈ సంగతి తెలియదనుకోరాదు. ఇంజను వేడిగా ఉన్నప్పుడు మళ్ళీ నడిపిస్తే, పలు కార్లు వెనుకటి అంకెనే చూపుతూ, కొంత వేగం అందుకొన్న తరువాతనే కొత్తదానిని ఒప్పుకొంటాయి. ఉష్ణోగ్రత తగ్గితే వెంటనే, పెరిగితే నిదానంగా చూపే ఏర్పాటు కూడ ఉన్నది. అన్ని కార్లలో ఇది ఒకే తీరున లేదు. మంచి ఉపాయమే, కాదనను. కాని మనం చూస్తున్నది ఇప్పటి కొలతా, గంట కిందటి జ్ఞాపకమా అన్నది పలక చెప్పదు. కొన్ని కార్లలో అర డిగ్రీ వరకు లెక్క చూపించి, లేని సూక్ష్మతను నటిస్తుంది. అంకె ప్రక్కన ఒక చిన్న గుర్తు పెడితే సరిపోయే దానికి ఇంత మౌనమెందుకు? తీగ తెగితే మాత్రం కొన్ని కార్లు మండు వేసవిలో కూడ మైనస్ 40 చూపుతాయి. ఆ అబద్ధం ఎవరినీ మోసగించదు గనుక దానితో పేచీలేదు.

చలిదేశాలలో ఇదే అంకెమీద ప్రాణాలు ఆధారపడతాయి. మనవాళ్ళు ఎందరో అమెరికా ఉత్తర రాష్ట్రాలలో మంచురోడ్లమీద కార్లు నడుపుతున్నారు. అక్కడ పలకమీద 3 లేక 4 డిగ్రీలకే మంచు గుర్తు వెలుగుతుంది. ఇంకా సున్నా కాలేదు గదా అని వేగం తగ్గించనివారుంటారు. నిర్మలమైన రాత్రివేళ రోడ్డు తన వేడిని ఆకాశంలోకి వికిరణం చేసి గాలికన్న చల్లబడుతుంది. వంతెన పైనా కిందా గాలి తగిలి ఇంకా త్వరగా చల్లబడుతుంది. గాలి 3 డిగ్రీలలో ఉండగానే చక్రాల కింద నీరు గడ్డకట్టి ఉండవచ్చు. కొద్దిసేపు ఆగి బయలుదేరిన కారైతే, ఇంజను వేడివల్ల పలక 6 అని చూపి ఆ గుర్తును కూడ వెలిగించకపోవచ్చు.