చదివినట్టే రాసే గణితం

ఏ పనినైనా కంప్యూటరుకు వివరించగల సర్వోపయోగ భాషల పక్కనే, ఒకే విషయం కోసం పుట్టి దాని హద్దు దాటని ప్రోగ్రామింగ్ భాషల సంప్రదాయం ఒకటి బలంగా సాగుతోంది. 1986లో జాన్ బెంట్లీ వీటిని ‘చిన్న భాషలు’ అని పిలిచి ప్రత్యేకంగా ఒక వ్యాసం రాశారు. ఈ సంప్రదాయపు నేర్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి, గణిత సమీకరణాలను అచ్చుకు సిద్ధం చేసే ఈక్యూఎన్ కంటే మంచి ఉదాహరణ దొరకడం కష్టం. దీన్ని అమెరికాలోని బెల్ లాబొరేటరీస్‌లో బ్రయాన్ కెర్నిగన్, లోరిండా చెర్రీ రూపొందించి, 1975లో ఒక పరిశోధన పత్రం ద్వారా లోకానికి పరిచయం చేశారు.

గణితం నిండిన రాతప్రతి అంటే అచ్చు వృత్తిలో ఆలస్యానికీ అదనపు ఖర్చుకూ మారుపేరు. భిన్నాలు, ఘాతాలు, మూలాలు ఒకే వరుసలో కుదురుగా కూర్చోవు. ప్రతి గుర్తునూ కొంత పైకో కిందికో జరపాలి. ఆ జరుపుళ్లన్నీ కొలతలుగా రాయించే బదులు, గణితజ్ఞుడు సమీకరణాన్ని పైకి ఎలా చదువుతాడో దాన్నే భాషగా నిలపాలని ఈ ఇద్దరూ తలచారు. అందుకే ‘ఎక్స్ ఓవర్ వై’ అని టైపు చేస్తే భిన్నం, ‘ఎక్స్ సబ్ ఐ’ అని చేస్తే పాదసూచిక (అంటే అక్షరం దిగువన చిన్నగా వచ్చే గుర్తు) వాటంతట అవే ఏర్పడతాయి. గణితమూ ముద్రణా రెండూ తెలియని టైపిస్టు కూడా సులువుగా నేర్చుకోగలగాలన్నది మొదటినుంచీ వారి లక్ష్యం. భాషలోని ప్రతి నిర్ణయమూ ఆ టైపిస్టు అవసరం నుంచే పుట్టిందన్న సంగతి దీన్ని పరిశీలించే కొద్దీ మరింత స్పష్టమవుతుంది.

లోపలి యంత్రాంగం పెట్టెల మీద నడుస్తుంది. ప్రతి అక్షరం ఒక పెట్టె. రెండు పెట్టెలను పక్కపక్కన గాని, ఒకదానిపై ఒకటి గాని చేర్చితే మరో పెద్ద పెట్టె తయారవుతుంది. దాని ఎత్తు, వెడల్పు, ఆధారరేఖ చిన్న పెట్టెల కొలతల నుంచే లెక్కకు వస్తాయి. కాబట్టి ఎంత లోతైన సమీకరణమైనా కొద్దిపాటి సూత్రాలతోనే తీరిపోతుంది. అయితే సూత్రం తర్కానికి లొంగినా వాడుకకు లొంగని చోటు ఒకటుంది. ‘ఎక్స్ సబ్ ఐ సూప్ 2’ అని రాస్తే, మామూలు సూత్రం ప్రకారం ఆ 2 ఐ అనే అక్షరానికి ఘాతం కావాలి; కాని రాసినవారు ఆశించేది ఎక్స్‌కు దిగువన ఐ, దానికి సరిగ్గా నిలువుగా ఎగువన 2. అందుకోసం వ్యాకరణంలో ప్రత్యేక నియమం చేర్చారు. వ్యాకరణపు నిండుతనం కొంత తగ్గినా, ఆ రంగంవారి అలవాటును గౌరవించడమే సరైన ఎంపిక. చిన్న భాషలను మలిచేవారి వివేకం ఇటువంటి చోట్లే తేటపడుతుంది.

ఇటువంటి దిద్దుబాట్లు తేలిగ్గా సాధ్యమైంది, ఈక్యూఎన్ వ్యాకరణాన్ని యాక్ అనే పరికరంలో రాసినందువల్ల. వ్యాకరణ సూత్రాలను ఇస్తే, ఆ భాషను విశ్లేషించే ప్రోగ్రామును తానే తయారుచేసే యాక్ కూడా ఒక చిన్న భాషే. ఈక్యూఎన్ స్వయంగా అచ్చు పని చేయదు. సమీకరణాలను టీరాఫ్ అనే అచ్చుకూర్పు ప్రోగ్రాముకు అర్థమయ్యే ఆజ్ఞలుగా మార్చి, తక్కిన పాఠాన్ని ముట్టుకోకుండా ముందుకు పంపుతుంది. పట్టికలకు టిబిఎల్, బొమ్మలకు పిక్ ఇదే పద్ధతిలో వచ్చాయి కనుక, ఒక్కొక్కటి తన పని ముగించి రాతను తర్వాతిదానికి అందించే గొలుసు ఏర్పడింది.

ఈ పద్ధతికి మూల్యం లేకపోలేదు. గొలుసులో ఒకచోట జరిగిన పొరపాటు మరోచోట బయటపడినప్పుడు, దాని మూలాన్ని వెతకడం కష్టం. అంతకన్నా పెద్ద చిక్కు పెరుగుదల. వాడేవారు షరతులు, పునరావృత్తులు అడుగుతారు; బొమ్మల కోసమే పుట్టిన పిక్ భాషలోకి కూడా అవి వచ్చి చేరాయి. వాటివల్ల సౌకర్యం నిజమే, కాని అలాంటి ప్రతి చేర్పూ భాషను సర్వోపయోగ భాషల వైపు ఒక అడుగు జరుపుతుంది, కొత్తగా నేర్చుకునేవారిపై భారమూ అంతే పెరుగుతుంది. ఒక రంగంలో రాసే పద్ధతి ముందే స్థిరపడి ఉంటే దానికంటూ ఒక భాష చేయడం శ్రమకు తగిన పని. గణితానికి అటువంటి సంకేతాలు శతాబ్దాలుగా ఉన్నాయి. అలా స్థిరపడని రంగాలకు మాత్రం, ఉన్న భాషలోనే కొన్ని ఫంక్షన్లు రాసి చేర్చుకోవడం మేలు.