భుజం మీది పసుపు

టమోటాను చేతిలోకి తీసుకుంటే అందరూ అడుగువైపు ఎరుపు చూస్తారు. మా అమ్మ కాయను తిప్పి తొడిమ చుట్టూ ఉండే భుజం చూసేది. అక్కడ పసుపు కనిపిస్తే చాలు, "ఆకు దూయొద్దని చెప్తే వినకుండా దూసేసినారు" అని బాధపడేది. పుంగనూరు దగ్గర మా చేలో నేను నేర్చుకున్న మొదటి పాఠం ఇదే.

టమోటాకు ఎరుపునిచ్చేది లైకోపీన్. 20 నుంచి 25 డిగ్రీల వేడిలో అది బాగా తయారవుతుంది. 30 దాటితే మందగిస్తుంది. పసుపుపచ్చ కెరోటిన్ మాత్రం ఆ వేడిలోనూ తయారవుతూనే ఉంటుంది. అందుకే నడివేసవి కాయ ఎంత మాగినా నారింజ రంగు దగ్గరే ఆగిపోతుంది. ఆకు మరుగు లేని కాయకు ఇంకా కష్టం. గాలికన్నా దాని తోలు ఎక్కువ కాలుతుంది, ఎండ మరీ ముదిరితే తెల్లమచ్చ పడుతుంది. పసుపు భుజాన్ని కోసి చూడండి, లోపల తెల్లటి గట్టి కండ ఉంటుంది. చారులో వేస్తే ఎంతసేపటికీ మెత్తబడదు. మాకు దగ్గర్లోని మదనపల్లె సుమారు 700 మీటర్ల ఎత్తున ఉంది, రాత్రులు చల్లబడతాయి. కింది జిల్లాల్లో ఎండకు పూత రాలిపోయే నెలల్లో మా వైపు కాయ నిలిచేది ఆ చలువ వల్లే.

1990ల చివర్లో కుప్పంలో ఇజ్రాయెల్ పద్ధతి సాగు మొదలైనప్పుడు నాన్న బస్సెక్కి పోయి డ్రిప్ పైపులు చూసొచ్చాడు. నీళ్లు మిగులుతాయనే పెట్టించాడు. కాయ పగలడం తగ్గుతుందని అప్పుడు అనుకోలేదు. చేను బెట్టకొచ్చాక ఒక్కసారిగా నీళ్లు పారితే లోపలి కండ ఉబ్బుతుంది, తోలు దానితోపాటు సాగలేక చీలుతుంది. కాయ అడుగున నల్లగా కుళ్లడానికీ చాలాసార్లు నీటి ఎగుడుదిగుళ్లే కారణం. నేలలో కాల్షియం ఉన్నా తడి నిలకడగా లేకపోతే కాయ కొసకు చేరదు. పొటాష్ చాలకపోతే పండులో అక్కడక్కడా పచ్చ మచ్చలు మిగిలిపోతాయి.

2023లో కిలో 200 రూపాయల దాకా పలికిన రోజుల్లో భుజాలెవరూ చూడలేదు. ధర పడిన ఏడాది ఒక మండీలో అదే పసుపు చూపించి మా క్రేట్లు పక్కన పెట్టారు. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు.

దూరం పోయే సరుకును దోరగానే కోస్తారు. మిగతా ఎరుపు దారిలో రావాలి. కోశాక ఎండలో వదిలేస్తే మళ్లీ ఆ నారింజే. అందుకే అమ్మ తెల్లవారకముందే కోత మొదలుపెట్టించేది. నిండిన ప్రతి క్రేటునూ చింతచెట్టు కిందికి మోయించి, లారీ వచ్చేదాకా నీడ జరిగినప్పుడల్లా క్రేట్లనూ జరిపించేది.