షికాగో ఒడ్డున కంటిచూపుతో

షికాగోలో పిల్లల దగ్గరికి వెళ్లిన మన పెద్దవాళ్లు చాలామంది విల్లిస్ టవర్ 103వ అంతస్తు ఎక్కే ఉంటారు. నేలకు 1,353 అడుగుల ఎత్తు. అక్కడ తూర్పు కిటికీ దగ్గర నిలబడితే, మబ్బు లేని రోజున మిషిగన్ సరస్సు మీద ఓ చిన్న విమానం ఇంచుమించు మన కళ్ల ఎత్తులోనే సాగిపోతూ కనిపించవచ్చు. సెస్నా 172 లాంటిది: ఒకే ఇంజను, నాలుగు సీట్లు. పైలట్ పరికరాల మీద కాక కంటిచూపు మీద ఆధారపడి నడుపుతున్నాడు. సరిగ్గా ఆ ఎత్తులోనే, ఆ నీటి మీదే ఎందుకు వెళ్తున్నాడన్నదాని వెనక గట్టి లెక్క ఉంది.

విమానంలో ఆల్టీమీటర్ సముద్రమట్టం నుంచి ఎత్తు చూపిస్తుంది. సరస్సు నీటిమట్టమే సముద్రానికి సుమారు 580 అడుగుల పైన. ఆ కొలతలో విల్లిస్ టవర్ యాంటెన్నాల కొస 2,300 దాటుతుంది. జనం కిక్కిరిసిన చోట ఎగిరే విమానం, చుట్టూ 2,000 అడుగుల లోపున్న అన్నిటికన్నా ఎత్తైన కట్టడానికి వెయ్యి అడుగుల పైన ఉండాలని అమెరికా నిబంధన. అంటే 3,300. కానీ అక్కడ దాదాపు 3,000 దగ్గరే ఓహేర్ విమానాశ్రయపు గగనతలం మొదలవుతుంది. కంట్రోలర్ స్పష్టంగా అనుమతిస్తే తప్ప అందులో ప్రవేశం లేదు. నైరుతిన మిడ్వే విమానాశ్రయం ఉంది, దాని పరిధిలోకి వెళ్లాలంటే ముందు రేడియోలో పలకరించాలి. ఇక మిగిలింది సరస్సే. నీటి మీద ఆకాశహర్మ్యాలు లేవు గనుక 2,000 దగ్గర నిశ్చింతగా సాగవచ్చు.

ఇప్పటి గ్రాంట్ పార్కు ఉన్న ఒడ్డును కట్టడాలు లేకుండా అందరికీ తెరిచి ఉంచాలని 1836లోనే పటం మీద రాసిపెట్టారు. దాని పక్కనున్న ఈ గాలిదారిని కూడా నేను అలాంటి ఉమ్మడి సొత్తుగానే చూస్తాను. ప్రపంచంలోని అత్యంత రద్దీ విమానాశ్రయాల్లో ఒకదాని అంచునే, చిన్న విమానం అద్దెకు తీసుకున్న ఓ ఉపాధ్యాయురాలో ఓ మెకానిక్కో స్వేచ్ఛగా వెళ్లగలగడం చాలా గొప్ప సంగతి. దానికి చెల్లించాల్సిన మూల్యం చూపు.

ఆ చూపును నేర్చుకోవాలి. కన్ను కదులుతున్నంతసేపూ దూరపు చుక్కను పట్టలేదు. అందుకే ఆకాశాన్ని పదేసి డిగ్రీల ముక్కలుగా చేసుకుని, ఒక్కో ముక్క మీద కనీసం ఒక సెకను నిలపమంటారు. ముందు అద్దంలో పక్కకు జరుగుతున్న విమానంతో అంత భయం లేదు. ఒకేచోట నిలిచిపోయి మెల్లగా పెద్దదవుతున్నదే మనల్ని ఢీకొట్టబోయేది. కదలికే మన కంటిని లాగుతుంది గనుక, ఆ ప్రమాదకరమైనదే అన్నిటికన్నా ఆలస్యంగా కనబడుతుంది. పైగా నేపథ్యంలో నగరపు కిటికీలు, గాజు గోడలు ఉన్నప్పుడు తెల్లటి విమానం వాటిలో కలిసిపోతుంది. అందుకే పగలు కూడా ల్యాండింగ్ లైటు వెలిగిస్తారు. సెస్నా రెక్క పైన ఉండటంతో, తిరిగేటప్పుడు అటువైపు దృశ్యాన్ని అదే మూసేస్తుంది; ముందు ఆ రెక్క ఎత్తి చూశాకే మలుపు. 2020 నుంచి ఇలాంటి గగనతలాల్లో తప్పనిసరైన ఏడీఎస్-బీ (విమానం తన స్థానాన్ని ప్రసారం చేసే పరికరం) వల్ల చుట్టుపక్కల విమానాలు తెర మీదా కనబడతాయి. మంచి తోడే, కానీ తెర మీద వాలిన కన్ను బయట లేనట్టే. ప్రయాణికుల చేత కూడా బయటికి చూసే పని చేయించే పైలట్లంటే నాకు గౌరవం.

సరస్సు మీద పొగమంచు కమ్మితే నీరూ ఆకాశమూ ఒకే బూడిదరంగై దిగంతం మాయమవుతుంది. ఒకపక్క నగరం స్పష్టంగా ఉన్నా రెండో పక్క ఏమీ ఉండదు. 1999లో జాన్ ఎఫ్. కెనడీ జూనియర్ విమానం అట్లాంటిక్‌లో కూలింది రాత్రివేళ నీటి మీద ఇలా దిగంతం కనబడక అదుపు తప్పడం వల్లే.

న్యూయార్క్‌లో హడ్సన్ నది మీదా ఇలాంటి దారే ఉంది. 2009 ఆగస్టులో అక్కడ ఓ చిన్న విమానం, పర్యాటకుల హెలికాప్టర్ ఢీకొని తొమ్మిది మంది చనిపోయాక కుడివైపు సాగడం, వేగం, రేడియోలో చెప్పడం అన్నీ తప్పనిసరి నిబంధనలయ్యాయి. షికాగో ఒడ్డున చాలావరకు మర్యాదే నడిపిస్తోంది. ఒడ్డునే ఉన్న సోల్జర్ ఫీల్డ్‌లో బేర్స్ ఫుట్‌బాల్ జట్టు మ్యాచ్ జరిగే వేళ మాత్రం చుట్టూ మూడు నాటికల్ మైళ్ల మేర, నేలకు 3,000 అడుగుల వరకు గగనతలం మూతపడుతుంది. షెడ్యూలు చూడకుండా బయల్దేరితే చిక్కే.

ఇక ఇంజను ఆగితే? ఆల్టీమీటర్ 2,000 అంటే నీటికి 1,400 అడుగులే. సెస్నా ఒక అడుగు దిగితే సుమారు తొమ్మిది అడుగులు ముందుకు జారుతుంది. గాలి లేని రోజున నాలుగు కిలోమీటర్లకు కాస్త తక్కువ, రెండు నిమిషాల వ్యవధి. పడమటి గాలి ఎదురైతే ఒడ్డు ఇంకా దూరమవుతుంది. నీరు చల్లగా ఉండే వసంతంలో ఈ లెక్క ప్రాణంతో సమానం.

ఒకప్పుడు ఆ ఒడ్డునే మీగ్స్ ఫీల్డ్ ఉండేది, 1948లో తెరిచిన ఒంటి రన్‌వే. ఫ్లైట్ సిమ్యులేటర్ ఆడిన మన కుర్రాళ్లకూ ఆ పేరు తెలుసు. 2003 మార్చి 30 రాత్రి మేయర్ రిచర్డ్ డేలీ ఆజ్ఞతో బుల్డోజర్లు రన్‌వే మీద పెద్ద పెద్ద గుణకారపు గుర్తులు తవ్వేశాయి. ముందస్తు సమాచారం ఇవ్వనందుకు నగరం 33,000 డాలర్ల జరిమానా కట్టింది. ఇప్పుడది పార్కు. పార్కును కాదనలేను, అదీ అందరిదే. అయినా రాత్రికి రాత్రి చేసిన ఆ పనిని సమర్థించలేను. ఆ రెండు నిమిషాల్లో చేరగల రన్‌వేని అది తుడిచేసింది. ఇప్పుడక్కడ ఎగిరే పైలట్ ముందే బీచ్‌లు ఎంచుకోవాలి. వేసవిలో అవి జనంతో నిండుతాయి గనుక, ఇసుక మీద కాక ఈతగాళ్లకు దూరంగా, ఒడ్డుకు దగ్గరగా నీటిలో దిగాలనీ, నీటిని తాకేముందే తలుపు గడియ తీయాలనీ బయల్దేరకముందే అనుకోవాలి.