నక్షత్రాలకు గొట్టం బిగించిన చిత్రకారిణి

ముఖం గుడ్లగూబది, ఒంటి నిండా ఈకలు. బల్ల ముందు కూర్చుని శ్రద్ధగా బొమ్మ గీస్తోంది. మెడలో చిన్న వయొలిన్ వేలాడుతోంది, చేతిలోని కుంచె ఆ వయొలిన్ తీగకే తగిలించి ఉంది. రెండో చేతిలో ముక్కోణపు పట్టకం. కిటికీలోంచి వచ్చే ఆకాశకాంతి పట్టకంలోంచి విరిగి కాగితం మీద పడుతోంది. పక్కనే గాజుబుడ్డీలా ఉబ్బిన పరికరం ఒకటి నక్షత్రధూళిని లోపలికి పీల్చి, మూడు రంగులుగా మార్చి పళ్లెంలోకి వదులుతోంది. గీయడం పూర్తయిన పిట్టలు కాగితం మీంచి లేచి ఎగిరిపోతున్నాయి.

1957లో రెమెడియోస్ వారో వేసిన ‘పక్షుల సృష్టి’ ఇది. నిర్జీవమైన గీతకు ప్రాణం పోయడం కంటే పెద్ద మాయ ఏముంటుంది? అయినా ఈ చిత్రంలో పొగమంచు లేదు, మెరుపులు లేవు. ఏ గొట్టం ఎక్కడ మొదలై ఎక్కడ తేలుతుందో వేలు పెట్టి చూపించొచ్చు. వారో ప్రత్యేకత ఇక్కడే ఉంది. రసవాదం, జ్యోతిషం, టారో వంటి మార్మిక విద్యల నుంచి ఆమె చాలా తీసుకుంది. తీసుకున్నదాన్ని మాత్రం ఇంజనీరు ప్లాను గీసినంత పక్కాగా గీసింది.

ఆ పక్కాతనం ఇంట్లో అబ్బింది. వారో 1908లో స్పెయిన్‌లోని కాటలోనియా ప్రాంతంలో, ఆంగ్లెస్ అనే ఊళ్లో పుట్టింది. తండ్రి జలవనరుల ఇంజనీరు. తన ప్లాన్లను కూతురి చేత నకలు తీయించేవాడు. స్కేలు, వృత్తలేఖిని, దూరాన్ని చూపే గీతలు చిన్ననాడే ఆమె చేతికి అలవాటయ్యాయి. తల్లి గట్టి క్యాథలిక్ భక్తురాలు, చదివించింది సన్యాసినుల బడిలో. ఆ బడి క్రమశిక్షణ మీద వారోకు కలిగిన విసుగు ఏళ్ల తర్వాత బొమ్మల్లోకి ఎక్కింది. మాడ్రిడ్‌లోని శాన్ ఫెర్నాండో అకాడమీలో శాస్త్రీయ శిక్షణ అయ్యాక బార్సిలోనాలోనూ ఆపైన పారిస్‌లోనూ కలల తర్కాన్ని కళలోకి తెచ్చిన సర్రియలిస్టులతో కలిసింది. నాజీలు ఫ్రాన్స్‌ను ఆక్రమించడంతో, కవి బెంజమిన్ పెరేతో కలిసి 1941లో మెక్సికో చేరింది.

అక్కడ చాలాకాలం పొట్టకూటి పనులే. బేయర్ మందుల కంపెనీ ప్రకటనలకు బొమ్మలు వేసింది, వాటి మీద తల్లి ఇంటిపేరు ‘ఉరాంగా’ అని సంతకం చేసింది. ప్రాచీన మట్టిబొమ్మలకు మరమ్మతులు చేసింది. 1940ల చివర వెనెజులాలో ఉన్నప్పుడు మలేరియా నియంత్రణ కోసం మైక్రోస్కోపులో చూస్తూ కీటకాల బొమ్మలు గీసింది. కంటికి ఆనని దాన్ని ఉన్నదున్నట్టు గీసే ఈ సాధన తర్వాత ఆమెకు పెట్టుబడి అయింది. 1950ల మొదట్లో సహచరుడు వాల్టర్ గ్రూయెన్ అండ దొరికాకే పూర్తికాలం చిత్రకారిణి కాగలిగింది. 1963లో 54 ఏళ్లకే గుండెపోటుతో పోయింది. మనం చెప్పుకునే గొప్ప చిత్రాలన్నీ ఆ పదేళ్లలో వచ్చినవే.

ఆమె పనితీరులో రెండు పద్ధతులు ఒకదానికొకటి ఎదురు నడుస్తాయి. మొదటిది ముందస్తు లెక్క. చిత్రం ఎంత ఉంటుందో అంత కొలతలోనే ట్రేసింగ్ పేపరు మీద పెన్సిల్‌తో పూర్తి నమూనా గీసేది. తెల్లటి పూత వేసి నునుపు చేసిన హార్డ్‌బోర్డు పలక మీదికి దాన్ని దింపేది. గోపురాలు, మెట్లు, పళ్లచక్రాలు, పుల్లీలు అన్నీ అప్పటికే స్థిరపడిపోతాయి.

రెండోది యాదృచ్ఛికం. తడి రంగు మీద కాగితమో మరొకటో అద్ది పైకి లాగితే, చెయ్యి ఊహించని మరకలు తేలతాయి. దీన్ని డెకాల్కొమానియా అంటారు, సర్రియలిస్టులకు ఇష్టమైన ఆట. చాలామంది ఆ మరకనే చిత్రమనుకుని ఆగిపోతే, వారో దాన్ని ముడిసరుకుగా తీసుకుంది. మరకలో అడవి కనిపిస్తే సన్నకుంచెతో ఆకులు దిద్దింది, నాచు కనిపిస్తే దాన్ని గోడకు ఎక్కించింది. పల్చని రంగును నోటితో ఊది పారించింది. వెలుగు కావలసినచోట ఇంకాస్త తెలుపు పులమకుండా, పైరంగును మొనతో గీకి అడుగునున్న తెల్లపూతను బయటపెట్టింది. వెంట్రుకలు, దారాలు, కాంతిరేఖలు చాలావరకు అలా గీకి తీసినవే. కొన్ని చిత్రాల్లో ముఖాలకు ముత్యపుచిప్ప ముక్కలు పొదిగింది. గోడ లెక్క ప్రకారం లేస్తుంది, దాని మీది చెమ్మ తనంతట తాను పుడుతుంది. ఆమె లోకం కల్పితమని తెలిసీ నమ్మబుద్ధి కావడానికి కారణం ఈ కలయికే.

మెక్సికో నగరంలో ఆమెకు ఆప్తురాలు, ఇంగ్లండు నుంచి వచ్చిన చిత్రకారిణి లియొనోరా కారింగ్టన్. ఇద్దరూ రసవాద గ్రంథాలు చదివారు, మార్మిక గురువులు గుర్జీఫ్, ఉస్పెన్స్కీల బోధల మీద ఆసక్తి పెంచుకున్నారు. మనిషి నిద్రలో నడుస్తున్నట్టు బతుకుతాడు, పని చేసి మేలుకోవాలి అన్నది గుర్జీఫ్ బోధ సారం. అందుకేనేమో వారో బొమ్మల్లో మంత్రం చదివి ఊరుకునేవాళ్లు అరుదు. అందరూ ఏదో ఒక పనిలో ఉంటారు. 1955 నాటి ‘నిష్ప్రయోజక శాస్త్రం లేదా రసవాది’లో ఒకామె చక్రం తిప్పుతూ ఉంటుంది. గళ్ల నేలే పైకి లేచి ఆమె ఒంటికి శాలువాలా చుట్టుకుంది. 1958 నాటి ‘నక్షత్రాల జావ’లో ఒంటరి స్త్రీ ఆకాశం నుంచి దిగిన నక్షత్రాలను తిరగలిలో వేసి పిండి చేసి, పంజరంలోని నెలవంకకు చెంచాతో తినిపిస్తుంది. ఈ జావను ఏ బిడ్డ తల్లి చూసినా గుర్తుపడుతుంది, అందులోని అలసటతో సహా.

ఆమె ధోరణి పూర్తిగా తెలియాలంటే 1961 నాటి ‘భూమి దుప్పటి కుట్టడం’ చూడాలి. ఎత్తయిన గోపురంలో ఒకే పోలిక ఉన్న అమ్మాయిలు వరసగా కూర్చుని కుడుతున్నారు. మధ్యలో ముసుగు మనిషి పుస్తకం చదువుతూ పాత్రలో ఏదో కలుపుతున్నాడు. దారం ఆ పాత్రలోంచే వస్తోంది. కుట్టిన బట్ట గోపురం కన్నాల్లోంచి జారి ఇళ్లుగా, చెట్లుగా, నీళ్లుగా పరుచుకుని భూమి అవుతోంది. ఆజ్ఞ ఒకరిది, చాకిరీ ఇందరిది. అయితే ఒక పిల్ల బట్ట మడతల్లో తననూ తన ప్రియుణ్నీ రహస్యంగా కుట్టేసింది. ఈ కథను కొనసాగించే తర్వాతి చిత్రంలో ఆ ఇద్దరూ పారిపోతారు. విద్య నేర్పినవాడి దారంతోనే విడుదల కుట్టుకోవడం! అమెరికన్ రచయిత థామస్ పించన్ 1966 నాటి నవలలో ఈ చిత్రాన్ని ప్రస్తావించాడు.

మార్మికత అనగానే ముఖం బిగించుకునే తత్వం ఆమెది కాదు. 1959లో దొంగపేరుతో ఒక నకిలీ మానవశాస్త్ర గ్రంథం రాసి, ఆధారంగా కోడి, చేప ఎముకలతో కాళ్లకు బదులు చక్రమున్న అస్థిపంజరాన్ని తయారు చేసింది. పాండిత్యం వేషాన్ని ఎగతాళి చేయగలిగింది కాబట్టే మార్మిక విద్యలకూ ఆమె బానిస కాలేదు.

చికాగో ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ 2023లో ఆమెకు ప్రత్యేక ప్రదర్శన పెట్టింది. అంతకు మూడేళ్ల ముందు ‘సామరస్యం’ అనే చిత్రం వేలంలో 60 లక్షల డాలర్లు దాటింది. ఆ ధర కంటే విలువైన పాఠం ఆమె పనిలో ఉంది. రహస్యం పేరుతో అస్పష్టతను అమ్ముకునే కళ ఎప్పుడూ ఉంటుంది. చెప్పలేనిదాన్ని చెప్పాలనుకునేవాళ్లే అందరికంటే స్పష్టంగా గీయాలని వారో నిరూపించింది. ఆమె చిత్రం ఎదురైతే ముందు అర్థం వెతక్కండి. ఏ దారం ఎక్కడి నుంచి వస్తోందో, ఏ చక్రం దేన్ని తిప్పుతోందో పట్టుకుంటూ పొండి. ఆ వెతుకులాటలోనే అర్థం చేతికందుతుంది.