ముక్కు చూస్తేగాని…

పోయిన పత్తి సీజన్‌లో మా బావ చేనులోంచి వాట్సాప్‌లో ఫోటో పంపాడు. ఆకు మీద ఎర్రగా, నల్ల మచ్చలతో ఒక నల్లి. "ఇది ఎర్రనల్లే కదా, మందు కొట్టించమంటావా?" అని కింద రాశాడు. అన్నం తింటూ ఓరకంట చూసి "అవును, అదే" అనేశాను. గంటకి ఇంకో ఫోటో వచ్చింది. అదే పురుగు, పక్కనుంచి. దాని మూతికి లద్దెపురుగు వేలాడుతోంది! "ఏం బామ్మర్దీ, పత్తి గింజల రసం తాగేదానికి మాంసం దేనికి?" అని ఎగతాళి.

అది రైనోకోరిస్ ఫస్కిపెస్ అనే హంతక నల్లి. చేనుకు జీతం లేని కాపలాదారు. అదృష్టవశాత్తూ మందు కొట్టే మనిషి ఆ రోజు రాలేదు.

పురుగుల్ని చంపి తినే ఈ హంతక నల్లులు ప్రపంచంలో దాదాపు 7,000 రకాలు. పైనుంచి తీసిన ఫోటోలో రంగు బాగా పడుతుంది, కానీ అసలు ఆనవాలు తల కింద ఉండిపోతుంది. వీటి ముక్కు పొట్టిగా, కొడవలిలా వంగి, 3 కణుపులతో ఉంటుంది. కొన ముందుకాళ్ల మధ్యనున్న గాడిలో ఒదుగుతుంది. ఆ గాడిలో ముక్కు రాపాడించి చాలా రకాలు కిర్రుమంటాయి కూడా. ఎర్రనల్లి ముక్కు పొడవు, 4 కణుపులు, తిన్నగా పొట్ట కిందికి మడిచి ఉంటుంది. రంగును నమ్మితే అంతే సంగతులు. రైనోకోరిస్ మార్జినేటస్‌లో పొట్ట అంచు ఒకదానికి నలుపు, ఒకదానికి ఎరుపు, ఇంకోదానికి ఆ రెండూ. మూడూ ఒకటే జాతి.

పిల్లపురుగులైతే మరీ దొంగలు. అకాంథాస్పిస్ అనే హంతక నల్లి పిల్ల ఒంటికి మట్టి పూసుకుని, తాను పీల్చేసిన చీమల డొల్లల్ని వీపున మోస్తుంది. పేరు చెప్పమని ఒకరు పంపిన ఫోటో చూసి "చెత్త" అని పక్కన పెట్టబోయాను. చెత్తకి కాళ్లున్నాయి.

20వ శతాబ్దం మొదట్లో డిస్టంట్ అనే ఇంగ్లండు పెద్దమనిషి మన దేశపు నల్లుల మీద సంపుటాలు రాశాడు. ఇప్పటికీ వాటినే తిరగేస్తుంటాను. అయితే ఆయన చచ్చిన పురుగుని తిప్పి చూసి రాశాడు, నాకున్నది ఒక్క ఫోటో. అందుకే చాలాసార్లు ప్రజాతి పేరు దగ్గరే ఆగిపోతాను. మొదట్లో నామోషీగా ఉండేది, ఇప్పుడు లేదు.

ఈసారి ఫోటో తీస్తే పక్కనుంచి కూడా ఒకటి తీయండి. ఏ మొక్క మీద, ఏ నెలలో, ఏ ఊళ్లోనో రాయండి. చేత్తో మాత్రం పట్టకండి, ఆ ముక్కు మనల్నీ గట్టిగానే పొడుస్తుంది.